ఎడమ సీటు అంచున ఎర్ర గీత

కారు ఎడమ తలుపులోంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. మిగతా మనిషి సీటు కింద ఎక్కడో ఉంది.

"ఏమైనా పారేసుకున్నారా మేడమ్?" అన్నాడు సీఐ విజయ్ పాల్. వెటకారం దాచుకునే అలవాటు ఆయనకి లేదు.

"ఉష్!" అంది లోపలి గొంతు.

తన మండపేట స్టేషన్ పెరట్లో, తన రేకుల షెడ్డు కింద, తన కేసు తాలూకు కారులో దూరి ఒక ప్రైవేటు డిటెక్టివ్ తననే నోరు మూసుకోమంటోంది. "రాజమండ్రి నుంచి దుర్గాశ్రీ గారు వస్తారు, కాస్త సహకరించండి" అని ఎస్పీ గారు స్వయంగా చెప్పి ఉండకపోతే, విజయ్ పాల్ ఈపాటికి ఆ కాళ్ళు పట్టుకుని బయటికి లాగేసేవాడే.

ఆయన లెక్కలో కేసు తేలిపోయింది. మండపేట రైసుమిల్లు యజమానురాలు శ్యామలాంబ మంగళవారం మధ్యాహ్నం కారు తీసుకుని బయల్దేరి మళ్ళీ ఇల్లు చేరలేదు. బుధవారం పొద్దున్న ఆ కారు నిడదవోలు రైల్వేస్టేషన్ పక్కన ఖాళీగా దొరికింది. లోపల మీగడరంగు తోలు సీట్లు. ముందు ఎడమ సీటుని ఎవరో కడిగారు. కడిగినా తలుపు వైపు అంచున నెలవంకలాగా నీలిరంగు మిగిలిపోయింది, ఆ అంచు కుట్టుదారంలో సన్నటి ఎర్ర గీత. నీలం రంగేమో శ్యామలాంబ డ్రైవరు తబిత కొత్త చుడీదారుది. ఎర్రది రక్తం. ల్యాబు రిపోర్టు రావాలి, అంతే. నిన్న సాయంత్రమే తబితని అరెస్టు చేశాడు. ఈ సాయంత్రం మేజిస్ట్రేటు ముందు పెడితే అటు నుంచి అటే జైలు. "మీరు కాబట్టి ఇంత తొందరగా పట్టుకున్నారండి" అని శ్యామలాంబ మరిది గణేష్‌బాబు రెండు చేతులూ పట్టుకుని మరీ మెచ్చుకున్నాడు కూడా.

అంతలో తబిత తల్లి దీనమ్మ వెళ్ళి ఈ దుర్గాశ్రీ ఇంటి తలుపు తట్టింది.

కాళ్ళు కదిలాయి. దుర్గాశ్రీ బయటికొచ్చి చీర దులుపుకుంది. యాభై దాటిన మనిషి, జుట్టు సగం నెరిసింది. మొహంలో మాత్రం పెళ్ళిభోజనం తిన్నంత తృప్తి.

"అబ్బ! ఏం పనితనం అండీ!" అంది.

"ఎవరిది?"

"ఈ సీటు తుడిచినవాళ్ళది. రండి, ఇలా వంగి చూడండి. చుట్టూ ఉన్న తోలు చూడండి, ఈ తుడిచిన తోలు చూడండి. ఎక్కడైనా పూత లేచిందా? గరుకు తేలిందా? కంగారు పడ్డవాళ్ళెవరూ ఇలా తుడవరు. బయటి అంచు నుంచి మధ్యకి, మధ్యకి, ఇంత ఓపిగ్గా..."

"నేరం దాచుకోడానికి ఓపిక దానంతట అదే వస్తుంది మేడమ్."

"ఇది చూశారా?" దుర్గాశ్రీ సీటు పైన తల ఆనించుకునే దిండుని కొంచెం ముందుకి వంచింది. దాని వెనక, ఎవరికీ కనపడని చోట, రూపాయి బిళ్ళంత మేర తోలు మిగతాదానికంటే తెల్లగా మెరుస్తోంది. "ముందు ఇక్కడ ఒక చుక్క వేసి, తోలుకి ఏమీ కాదని తేలాకే సీటు మీద చెయ్యి వేశారు. నాకు దణ్ణం పెట్టాలనిపిస్తోంది."

విజయ్ పాల్ వంగి చూసి వెంటనే లేచాడు. కిందటేడాది కొత్త లుంగీ రంగు తన సొంత కారు సీటుకి అంటితే, దూదితో స్పిరిట్ అద్ది రుద్ది, అక్కడ బొల్లి మచ్చలాంటిది తయారుచేసిన ఘనుడాయన. అయినా పైకి, "మీరు దణ్ణం పెట్టాల్సిన మనిషి లోపలుంది, పదండి" అన్నాడు.

వెళ్ళబోతూ దుర్గాశ్రీ డ్రైవరు సీట్లో కూర్చుని ఎడమ చెయ్యి పక్కసీటు మీదికి చాపింది. తలుపు వైపు అంచు దాకా చెయ్యి వెళ్ళలేదు. ఏమీ అనకుండా దిగింది. విజయ్ పాల్ అది చూశాడు గానీ, నడుం నొప్పేమో అనుకున్నాడు.

*

తబిత ముప్పై ఏళ్ళ మనిషి. బీఎస్సీ చదివింది. ఊళ్ళో స్కూళ్ళు పిలిచి ఉద్యోగమిస్తామన్నా, బండి నడపడం తనకిష్టమని డ్రైవరయింది. నాలుగేళ్ళుగా శ్యామలాంబ ఎక్కడికెళ్ళినా స్టీరింగు తబితదే. మంగళవారం గురించి అడిగితే మాత్రం నిన్నటి నుంచీ ఒకటే మాట. "ఆ రోజు నాకు సెలవండి. ఇంట్లో ఉన్నాను." ఆ పైన విజయ్ పాల్ మూడు చెరువుల నీళ్ళు తాగించినా ఇంకో ముక్క రాలలేదు. ఆ మౌనమే ఆయనకి అసలు సాక్ష్యం.

దుర్గాశ్రీ మంగళవారం ఊసే ఎత్తలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, "తబిత గారూ, ఒక సంగతి చెప్పండి. కొత్త జీన్సు ప్యాంటు వేసుకుని తెల్ల తోలు సీట్లో కూర్చుంటే రంగు దిగుతుంది కదా. దాన్నెలా పోగొడతారు?" అంది.

తబిత తలెత్తింది. నిన్నటి నుంచి వాడిపోయి ఉన్న మొహం ఒక్కసారిగా తేరుకుంది.

"ముందు ఆగాలండి," అంది.

"ఆగాలా?"

"ఆయ్. అందరూ చేసే తప్పు అక్కడేనండి. మరక కనపడగానే కంగారుగా చేతికందింది పోసి రుద్దేస్తారు. స్పిరిట్ అంటారు, గోళ్ళరంగు తీసే మందంటారు. మరకతో పాటు సీటు రంగు కూడా ఊడొచ్చేస్తుంది. తోలుకి పైన సన్నటి పూత ఉంటుందండి, అది పోతే ఇంక ఏం చేసినా రాదు."

విజయ్ పాల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"కనపడని చోట ముందు చూసుకోవాలి. ఏం కాలేదంటే అప్పుడు మెత్తటి తెల్లగుడ్డ తడిపి గట్టిగా పిండి, మా బాబుకి వాడే షాంపూ రెండు చుక్కలు వేస్తాను. బయటి నుంచి మధ్యకి తుడుచుకుంటూ రావాలి. మధ్యలోంచి బయటికి తోశామా, అరచేతంత మరక చేటంత అవుతుంది. గుడ్డకి రంగు అంటగానే మడత మార్చాలి, లేకపోతే తీసిన రంగే మళ్ళీ పూసినట్టు. తర్వాత ఉత్త తడిగుడ్డ, పొడిగుడ్డ. ఆరాక తోలు క్రీము. ఒకసారికి పోకపోతే మర్నాడు మళ్ళీ. గెలిచేది బలం కాదండి, నిదానం."

గదిలో ఉన్న లేడీ కానిస్టేబులు పని మానేసి వింటోంది. నిజం చెప్పాలంటే విజయ్ పాల్ కూడా. జైలు గుమ్మంలో నిలబడి కూడా తన పని గురించి ఇంత ముచ్చటగా మాట్లాడే మనిషిని ఆయన ఇంతవరకూ చూడలేదు. ఈ అమ్మాయి దోషి కాకుండా ఉంటే ఎంత బాగుండు అనిపించింది, అనిపించినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"ఒంటిసబ్బు వాడతారా?" అంది దుర్గాశ్రీ.

"అయ్యో, ఒంటిసబ్బేంటండి! తోలు ఎండిపోయి పగుళ్ళొచ్చేస్తాయి."

"మీ షాంపూ సీసా కారు డిక్కీలో లేదే?"

"అయిపోతే ఆదివారం ఇంటికి తెచ్చానండి, నింపుదామని."

"తుడిచేటప్పుడు ఎక్కడ ఉంటారు?"

"ఆ వైపు తలుపు తీసి, కింద మోకాళ్ళేసి కూర్చుంటానండి. సీటు కళ్ళకెదురుగా ఉండాలి కదా."

"ఈ పద్ధతి ఎవరికైనా నేర్పారా?"

అంతవరకూ గలగలా పారిన మాట టక్కున ఆగిపోయింది. తబిత చున్నీ అంచు వేళ్ళకి చుట్టుకుంది. "లేదండి," అంది.

విజయ్ పాల్ బల్ల మీద చరిచాడు. "విన్నారుగా! ఈ పద్ధతి తనకి తప్ప ఎవరికీ రాదని తన నోటితోనే ఒప్పుకుంది. సీటు తుడిచింది తనే. ఇంక మీకేం కావాలి మేడమ్?"

"ఒక నిమ్మకాయ," అంది దుర్గాశ్రీ.

"ఏంటీ?"

"గేటు బయట సోడాబండి ఉంది. ఒక నిమ్మకాయ తెప్పించండి. తబిత గారిని కూడా కారు దగ్గరికి తీసుకురండి."

"సాక్ష్యాన్ని పాడుచేస్తానంటే ఊరుకోను. ఎస్పీ గారు చెప్పినా ఊరుకోను!"

"నేను ముట్టుకోను. అంతా మీ చేత్తోనే చెయ్యండి. నమూనా ఎలాగూ ల్యాబుకి పంపారు కదా. నేను పొరపాటు పడితే అందరి ముందూ క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను."

ఆ బేరం విజయ్ పాల్‌కి నచ్చింది.

*

తడి దూది కుట్టుదారం మీద ఒత్తితే దానికి ఇటుకరంగు ఎరుపు అంటింది. సీఐ దాన్ని అందరికీ చూపించాడు. తబిత మొహం తిప్పుకుంది. దూదిని పళ్ళెంలో పెట్టి, దుర్గాశ్రీ చెప్పినట్టే నిమ్మచెక్క పిండాడు.

ఎరుపు పోయింది. దూది పచ్చగా, బంతిపువ్వు రేకులాగా అయిపోయింది.

"రక్తం మీద నిమ్మరసం పిండితే పచ్చబడుతుందా సీఐ గారూ?" అంది దుర్గాశ్రీ మెల్లిగా.

ఆయన పళ్ళెం ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు.

"దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఎప్పుడైనా చూశారా? అందులో వేసేది పసుపూ సున్నమూ. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుంది. సబ్బు తగిలినా అంతే. చీరకి పసుపంటి, సబ్బు పెట్టగానే ఎర్ర మరకైందని మా అమ్మ గోల పెట్టేది. పులుపు తగిలితే మళ్ళీ పసుపే. ఇది రక్తం కాదు."

"సీటు అంచుకి పసుపెలా వస్తుంది?"

"మీ ఇంట్లో కొత్తబట్టలు వేసుకునేముందు ఏం చేస్తారు?"

"ప్రార్థన చేసి వేసుకుంటాం."

"తబిత గారింట్లోనూ అంతే అయ్యుంటుంది. మా ఇళ్ళల్లో ఏదో ఒక మూల పసుపు బొట్టు పెట్టి వేసుకుంటాం. ఒక్కసారైనా వేసుకోనిదే ఉతకం. అందుకే మొదటిరోజున రంగు దిగడం, పసుపు అంటడం రెండూ జరుగుతాయి. కొత్త జీన్సు, కొత్త చొక్కా. చొక్కా కింది మూలన పసుపు. ఎడమ సీట్లో, ఎండలో చెమటతో కూర్చున్న మగమనిషి."

విజయ్ పాల్‌కి పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి లూథరన్ చర్చి తెలుసు, పక్కింటి వాళ్ళ పసుపు గుమ్మాలూ తెలుసు. రెండూ కళ్ళ ముందే ఉండి కూడా తను పప్పులో కాలేశాడు. మామూలుగా అయితే ఒళ్ళు మండేది. కానీ పళ్ళెంలోని ఆ పచ్చటి దూది చూస్తుంటే ఆయనకి కోపం రాలేదు, అబ్బురం కలిగింది. ఇంత చక్కగా ఆలోచించే మనిషి దగ్గర ఓడిపోవడం కూడా మర్యాదగానే ఉంది అనుకున్నాడు.

"మరి తుడిచింది?" ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు.

"మీరు డ్రైవరు సీట్లో కూర్చుని పక్కసీటు తుడవండి."

కూర్చుని చెయ్యి చాపాడు. తలుపు వైపు అంచు అందలేదు. సరిగ్గా ఆ నీలి నెలవంక దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

"దిగి అటువైపు వెళ్ళొచ్చుగా?" అన్నాడు.

"వెళ్ళొచ్చు, వంగి మోకాళ్ళేయగలిగితే. ఈ తుడిచిన మనిషి వంగలేరు. అందుకే ముందు పరీక్ష కూడా కూర్చున్నచోటి నుంచి అందే దిండు వెనకే చేశారు. షాంపూ లేక చేతిసంచిలోని ఒంటిసబ్బు వాడారు. ఆ సబ్బునీళ్ళే అంచుకి కారి, కుట్టుదారంలోని పసుపుని ఎర్రబరిచాయి. మిగతాదంతా తబిత గారి పద్ధతే, పొల్లు పోకుండా. చేతులు మాత్రం వేరు. ఇంత శ్రద్ధగా నేర్చుకున్న శిష్యురాలు ఎవరు తబిత గారూ? మోకాళ్ళ నొప్పులు ఎవరికి?"

తబిత మొహం తెల్లబోయింది. 

"శ్యామలాంబ గారు," అంది దుర్గాశ్రీ. "ఆ మగమనిషి దిగిపోయాక ఆవిడే కారు నడుపుకుని నిడదవోలు వచ్చారు. రైలొచ్చేదాకా మనసు కుదురుగా ఉండక, కళ్ళ ముందున్న మరక తుడుచుకున్నారు. ప్రాణభయంలో కూడా మరక ఉంచి వెళ్ళబుద్ధి కాలేదు ఆవిడకి! ఆవిడ చనిపోలేదు సీఐ గారూ. రైలెక్కారు."

విజయ్ పాల్ గుండెల మీంచి బండరాయి దిగినట్టయింది. మనిషి బతికే ఉంది, ఈ అమ్మాయి నిర్దోషి! మంచి వార్త ఆయన కడుపులో దాగదు. ఫోను తీసి, నాలుగడుగులు పక్కకి వెళ్ళి, మొదట ఎవరు సంతోషిస్తారో వాళ్ళకే చేశాడు.

"గణేష్‌బాబు గారూ, ఎక్కడున్నారండి?"

"పాలకొల్లులో ఉన్నానండి, ధాన్యం చూడ్డానికొచ్చాను. రిపోర్టు వచ్చిందా?"

"రిపోర్టెందుకండి! మీ వదినగారు బతికే ఉన్నారు. నిడదవోలులో రైలెక్కారు."



"రైలెక్కిందా," అన్నాడు గణేష్‌బాబు. "అయితే ఎక్కడికెళ్ళిందో నాకు తెలుసులెండి. మీరు శ్రమపడకండి. నేనే వెళ్ళి తీసుకొస్తాను." ఫోను కట్టయింది.

విజయ్ పాల్ నవ్వుతూ వెనక్కి తిరిగాడు. అప్పటికి దుర్గాశ్రీ అడుగుతోంది. "మంగళవారం ఆ ఇంట్లో కొత్తబట్టలు వేసుకున్నదెవరు?"

తబిత ఆవిడ వంక చూడటం లేదు. సీఐ చేతిలోని ఫోను వంక చూస్తోంది.

"ఎవరికి చేశారండీ?" అంది. "సార్, ఎవరికి చేశారు?"

"గణేష్‌బాబు గారికే. పాపం, ఆయన..."

"మంగళవారం ఆయన పుట్టినరోజండీ!"

ఆ రోజంతా కోరుకొండ గుళ్ళో ఉన్నానని, వదినగారి మొహమే చూడలేదని గణేష్‌బాబు తన ఎదురుగా కూర్చుని చెప్పిన మాట విజయ్ పాల్ చెవుల్లో మోగింది. 

తబిత కారు బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఇంక దాచి లాభం లేదని తెలిశాక మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"అమ్మగారి భర్త, మా అయ్యగారు పోయింది గుండెపోటుతో కాదండి. ఈయనే మందులు మార్చేశాడని అమ్మగారికి తెలిసిపోయింది. రేపు రాజమండ్రిలో మేజిస్ట్రేటు గారి ముందు చెప్పబోతున్నారు. అది ఈయనకి తెలిసి, మంగళవారం దారిలో కారాపి ఎక్కి కూర్చుని, కోర్టు మెట్లెక్కేదాకా బతకవని బెదిరించి దిగాడంట. అమ్మగారు రైల్వేస్టేషన్లో ఎవరిదో ఫోనడిగి నాకు చేశారు. రేపటి దాకా ఎవరికీ చెప్పొద్దన్నారు. పోలీసులకి అసలే వద్దన్నారు. మీరు ఆయనింట్లో కాఫీ తాగుతారటండీ."

విజయ్ పాల్ తలదించుకున్నాడు. తాగేవాడు.

"జైల్లో పెట్టినా నోరు విప్పకూడదనుకున్నాను. ఒకటి రెండు రోజులే కదా అనుకున్నానండి. ఆవిడ పోయారని అందరూ నమ్మితే ఈయన వెతకడు కదా అని."

దుర్గాశ్రీ మొహంలో ఇందాకటి తృప్తి ఎటు పోయిందో. "నిన్నటి నుంచి ఒక్కసారైనా 'అమ్మగారు దొరికారా' అని మీరు అడగలేదని మీ తల్లి దీనమ్మ గారు నాతో చెప్పారు. అది విన్నాను గానీ, ఎందుకో ఆలోచించలేదు. నా తెలివి చూపించుకునే తొందరలో పడ్డాను," అంది. పెద్దగీత ముందు చిన్నగీతలాగా నిలబడింది ఆ క్షణంలో ఆ పేరున్న డిటెక్టివ్.

"ఆవిడ ఎక్కడున్నారు తల్లీ?" అన్నాడు విజయ్ పాల్. ఆ పిలుపు ఆయనకి తెలియకుండానే వచ్చింది.

తబిత ఆయన కళ్ళలోకి చూసింది. నమ్మాలా వద్దా అని ఒక్క క్షణం తూచింది. "నరసాపురంలోనండి. వీరమ్మ గారని, అమ్మగారిని చిన్నప్పుడు పెంచినావిడ. ఆ ఇల్లు ఆయనకీ తెలుసు. నాకు దారి తెలుసు గానీ వీధి పేరు తెలీదండి. ఒక్కసారే వెళ్ళాను."

పాలకొల్లు నుంచి నరసాపురం పట్టుమని పావుగంట దారి. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

"డ్రైవరేడి?" అని అరిచాడు విజయ్ పాల్. భోజనానికి వెళ్ళాడని జవాబొచ్చింది. సీఐ జేబులోంచి జీపు తాళం తీసి, తన ముద్దాయి చేతిలో పెట్టాడు. ఇరవయ్యేళ్ళ సర్వీసులో అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు.

జీపు గేటు దాటి రోడ్డెక్కింది. తబిత నడుపుతుంటే ఇంజను చప్పుడు కూడా మారినట్టనిపించింది. వెనకసీట్లో దుర్గాశ్రీ గణేష్‌బాబు నంబరుకి చేస్తూనే ఉంది. స్విచ్చాఫ్. జీపెక్కుతూనే వైర్‌లెస్‌లో నరసాపురానికి కబురు పెట్టిన విజయ్ పాల్, ఇప్పుడు అక్కడి ఎస్సైని ఫోనులో పట్టుకున్నాడు.

"మనుషుల్ని పంపించావా? వీరమ్మ అనే ముసలావిడ ఇల్లు. అక్కడ శ్యామలాంబ అని..."

"తెలుసు సార్," అన్నాడు ఎస్సై హుషారుగా. "ఇప్పుడే గణేష్‌బాబు గారని ఒకాయన ఫోన్ చేశారు. ఇల్లు దొరికిందట, వదినగారిని తనే తీసుకొస్తున్నాడట. పోలీసులెవరూ రానక్కర్లేదని మీరే చెప్పమన్నారట కదా సార్. అందుకే బయల్దేరిన మావాళ్ళని వెనక్కి పిలిచేశాను."